లేని పేజీ అడిగితే సైటు ఏమని చెప్పాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సొంతంగా వెబ్‌సైట్లు తయారుచేసుకుంటున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎర్రర్ పేజీల గురించే, అంటే అడిగిన పేజీ లేనప్పుడు (404), సర్వర్ లోపల లోపం వచ్చినప్పుడు (500) కనబడే పేజీల గురించే ఉన్నాయి. వాటిలో ఆరింటిని ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. సాఫ్ట్‌వేర్ల పేర్లు, ఆదేశాలు, ఫైళ్ల పేర్లు అన్నీ ఈ శీర్షికలో తెలుగు లిపిలోనే అచ్చువేస్తాం. కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయాలని కొత్తవారు గమనించగలరు.

ప్రశ్న: అయ్యా, మా నాన్నగారి పుస్తకాల దుకాణం కోసం జాంగోలో (పైథాన్ భాషలో సైట్లు కట్టే సాధనం) ఒక సైటు తయారుచేశాను. టెంప్లేట్ల ఫోల్డర్‌లో 404.హెచ్‌టీఎంఎల్, 500.హెచ్‌టీఎంఎల్ అని రెండు ఫైళ్లు పెట్టాను. అయినా లేని చిరునామా కొడితే జాంగో వారి పసుపు పేజీయే వస్తోంది. డీబగ్ ఫాల్స్ అని మారిస్తే సైటు రంగులు, బొమ్మలు అన్నీ పోయి ఒట్టి అక్షరాలు మిగులుతున్నాయి. 500 పేజీ అయితే ఎంత ప్రయత్నించినా రావడం లేదు. తెల్లటి తెర మీద ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ అనే ఒక్క వరుస కనబడుతోంది. ఎక్కడ పొరపాటు చేశాను? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీకు ఎదురైనవి మూడు వేర్వేరు చిక్కులు. మూడూ ఒకేసారి వచ్చి పడటం వల్ల ఒకటే సమస్యలా అనిపిస్తున్నాయి, అందుకే ఒకదాన్ని సరిచేయబోతే ఇంకొకటి పైకి వస్తోంది. విడదీసి చూద్దాం.

మొదటిది పసుపు పేజీ. సెట్టింగ్స్ ఫైలులో డీబగ్ ట్రూ అని ఉన్నంతకాలం జాంగో మీ 404 టెంప్లేటు వంక చూడనే చూడదు. ఆ పసుపు పేజీ కోడ్ రాసేవారి కోసం ఉద్దేశించినది. మీరు అడిగిన చిరునామాను ఏయే నమూనాలతో పోల్చి చూసిందో అందులో వరుసగా చూపిస్తుంది. ప్రోగ్రాం మధ్యలో విరిగి 500 దోషం వస్తే ఇంకా ముందుకు వెళ్లి, ఏ ఫైలులో ఏ వరుస దగ్గర తప్పు జరిగిందో, ఆ క్షణంలో ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉందో అంతా బయట పెడుతుంది. పాస్‌వర్డ్, టోకెన్, సీక్రెట్ వంటి మాటలు పేరులో ఉన్న సెట్టింగులను నక్షత్రపు గుర్తులతో కప్పేస్తుంది గానీ, ఫంక్షన్ లోపల ఉన్న మీ కొనుగోలుదారు ఫోన్ నంబరును దానంతట అది కప్పదు. కాబట్టి జనం చూసే సైటులో డీబగ్ ట్రూ ఒక్క గంట కూడా ఉండకూడదు.

రెండవది రంగులు పోవడం. మీరు రన్‌సర్వర్ ఆదేశంతో నడుపుతున్నారని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. డీబగ్ ఫాల్స్ కాగానే ఆ చిన్న సర్వర్ సీఎస్‌ఎస్ ఫైళ్లను, బొమ్మలను అందించడం మానేస్తుంది. ఇది లోపం కాదు, జాంగో కావాలని పెట్టుకున్న పద్ధతి. అసలు సైటులో ఆ పని ఇంజిన్‌ఎక్స్ వంటి సర్వరుదో, వైట్‌నాయిస్ అనే లైబ్రరీదో కావాలి. కలెక్ట్‌స్టాటిక్ ఆదేశం ఇచ్చి ఫైళ్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి చేర్చి, ఆ ఫోల్డర్‌ను ఇంజిన్‌ఎక్స్‌కు చూపించండి. అలౌడ్ హోస్ట్స్ అనే సెట్టింగులో మీ సైటు పేరు రాయడం మరవకండి. అది ఖాళీగా ఉంటే డీబగ్ ఫాల్స్‌తో రన్‌సర్వర్ మొదలే కాదు. చాలామంది సరిగ్గా ఈ ఘట్టంలోనే విసిగిపోయి డీబగ్‌ను మళ్లీ ట్రూ చేసి వదిలేస్తారు. మీరు ఆ పని చేయకుండా ఉత్తరం రాసినందుకు సంతోషంగా ఉంది.

మూడవదే అసలైనది. మీ 500 టెంప్లేటు పైన బేస్.హెచ్‌టీఎంఎల్‌ను విస్తరిస్తున్నట్టు ఒక వరుస ఉండి ఉంటుంది. ఆ బేస్‌లో పుస్తకాల విభాగాల పేర్లను డేటాబేస్ నుంచి తెచ్చి చూపే మెనూ ఉండి ఉంటుంది. ఇప్పుడు డేటాబేసే పడిపోయిందనుకోండి. మామూలు పేజీ విరుగుతుంది, జాంగో 500 పేజీని గీయబోతుంది, అందులోని మెనూ మళ్లీ డేటాబేస్ తలుపు తడుతుంది, అది కూడా విరుగుతుంది. ఒక దోషాన్ని చెప్పబోయి ఇంకో దోషం వచ్చేసరికి జాంగో చేతులెత్తేస్తుంది, అసలు సైటులో జాంగోను నడిపే గ్యూనికార్న్ అనే సర్వర్ ప్రోగ్రాం తనకు తెలిసిన ఆ ఒక్క ఇంగ్లిషు వరుసను పంపిస్తుంది. మీరు చూసిన తెల్లటి తెర అదే.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. 404 టెంప్లేటుకు జాంగో మామూలు సందర్భమంతా (కాంటెక్స్ట్, అంటే టెంప్లేటు వాడుకునే వేరియబుళ్లు) అందిస్తుంది గానీ, 500 టెంప్లేటుకు ఒక్క వేరియబుల్ కూడా ఇవ్వదు; మరో దోషం పుట్టే అవకాశాన్ని తగ్గించడానికే ఖాళీ సందర్భంతో దాన్ని గీస్తుంది. అందువల్ల లాగిన్ అయి ఉన్న మనిషికి కూడా ఆ పేజీలో లాగిన్ కానట్టే కనబడుతుంది, అది చూసి జనం కంగారు పడతారు. ఇలాంటివి తప్పాలంటే 500 పేజీని దేని మీదా ఆధారపడకుండా రాయాలి: బేస్ వద్దు, డేటాబేస్ వద్దు, చివరికి స్టాటిక్ ట్యాగు కూడా వద్దు. ఫైళ్ల పేర్లకు మేనిఫెస్టు అనే జాబితా వాడే పద్ధతిలో, అందులో లేని ఫైలును ఆ ట్యాగు అడిగితే అక్కడే ఇంకో దోషం పుడుతుంది. నాలుగు వరుసల సీఎస్‌ఎస్‌ను పేజీ లోపలే రాసేయండి. 404 పేజీకి మాత్రం మీ మామూలు అలంకారమంతా ఉంచవచ్చు, ఎందుకంటే ఆ సమయంలో సైటు ఆరోగ్యంగానే ఉంది, అడిగిన చిరునామా మాత్రమే లేదు.

ప్రశ్న: మా ఊరి చరిత్ర మీద వ్యాసాలు పెట్టే చిన్న సైటు నాది, అపాచీ సర్వర్ మీద అద్దెకు తీసుకున్న చోట నడుస్తోంది. పాత వ్యాసాలు కొన్ని తీసేశాక, లేని పేజీ అడిగినవారందరినీ హోం పేజీకి పంపించేలా ఏర్పాటు చేశాను. ఎవరికీ దోషం కనబడకుండా చేశానని సంతోషపడుతుంటే, గూగుల్ సెర్చ్ కన్సోల్ వాటిని సాఫ్ట్ 404 అంటోంది. నేను చేసిన దాంట్లో తప్పేమిటి? – విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు, వరంగల్లు

జవాబు: మాస్టారూ, దోషం కనబడకుండా చేయడమే తప్పయింది. సర్వర్ పంపే ప్రతి జవాబుకు రెండు భాగాలుంటాయి. ఒకటి మనిషి చదివే పేజీ, రెండవది యంత్రాలు చదివే మూడంకెల సంఖ్య. 200 అంటే అడిగింది ఇచ్చాను అని అర్థం. 4తో మొదలయ్యే సంఖ్యలు అడిగిన దాంట్లో ఏదో కుదరలేదని, 5తో మొదలయ్యేవి ఇవ్వవలసిన సర్వరే విఫలమైందని చెబుతాయి. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఈ విభజన ఉంది, 2022లో సవరించి ప్రచురించిన ప్రమాణంలోనూ అలాగే కొనసాగుతోంది. (404 అన్నది స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థలో ఒక గది నంబరు అనే కథ చాలా చోట్ల కనబడుతుంది గానీ, అది నిజం కాదు.) మీ సైటు లేని వ్యాసాన్ని అడిగినప్పుడు హోం పేజీకి మళ్లించి, అక్కడ 200 అని చెబుతోంది. సెర్చ్ ఇంజిన్ వైపు నుంచి చూస్తే, వంద వేర్వేరు చిరునామాలు అడిగితే వందసార్లూ ఒకే పేజీ చేతికి వచ్చింది. దీన్ని నమ్మలేక అది సాఫ్ట్ 404 అని పేరు పెట్టింది.

మనిషికి జరిగే నష్టం ఇంకా పెద్దది. మీ ఊరి కోట మీద రాసిన వ్యాసం కోసం వచ్చిన పాఠకుడు హోం పేజీలో దిగి, ఆ వ్యాసం ఉందో లేదో తెలియక, కాసేపు వెతికి వెళ్లిపోతాడు. వ్యాసం తీసేశామని ఒక్క మాట చెప్పి ఉంటే అతని సమయం మిగిలేది.

సరిచేయడం తేలిక. మీ ఫోల్డర్‌లోని హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఎర్రర్‌డాక్యుమెంట్ 404 అని రాసి, పక్కన మీ 404 పేజీ దారి ఇవ్వండి. ఆ దారి ఏటవాలు గీతతో మొదలుకావాలి, అంటే సైటు లోపలి దారి అయి ఉండాలి. అక్కడ హెచ్‌టీటీపీతో మొదలయ్యే పూర్తి చిరునామా రాస్తే, అది మీ సైటుదే అయినా సరే, అపాచీ బ్రౌజర్‌ను అటు మళ్లిస్తుంది, అసలు 404 సంఖ్య దారిలోనే పోతుంది. మీరు మళ్లీ మొదటికే వస్తారు. ఈ ఒక్క తేడా వల్ల తప్పుగా నడుస్తున్న సైట్లను నేను చాలా చూశాను.

ఒక వ్యాసం కొత్త చిరునామాకు మారి ఉంటే, ఆ ఒక్కదాన్ని దాని కొత్త చోటికి 301తో (శాశ్వతంగా మారింది అని చెప్పే సంఖ్య) మళ్లించండి. తీసేసిన వ్యాసం ఇక రాదని మీకు ఖాయంగా తెలిస్తే 404 బదులు 410 ఇవ్వవచ్చు. ఉండేది, తీసేశాం అని దాని అర్థం. మళ్లీ రాసి పెట్టే ఆలోచన ఉంటే 404 చాలు.

ఫ్లాస్క్ (జాంగో లాంటిదే మరో పైథాన్ సాధనం) వాడే పాఠకులు కూడా ఇదే గుంటలో పడుతుంటారు. ఎర్రర్‌హ్యాండ్లర్ కింద రాసిన ఫంక్షన్ టెంప్లేటును మాత్రమే తిరిగి ఇస్తే, తెర మీద పేజీ లేదు అని ఉంటుంది, సంఖ్య మాత్రం 200 వెళుతుంది. టెంప్లేటు తరువాత కామా పెట్టి 404 అని రాయడం మన బాధ్యతే. ఫ్లాస్క్ దానంతట అది చేర్చదు.

ప్రశ్న: మా జాంగో సైటు ఇంజిన్‌ఎక్స్ వెనుక గ్యూనికార్న్ మీద నడుస్తోంది. కొత్త కోడ్ ఎక్కించేటప్పుడు గ్యూనికార్న్‌ను ఆపి మొదలుపెట్టే అర నిమిషంలో 502 బ్యాడ్ గేట్‌వే అని వస్తోంది. దాని చోట తెలుగులో ఒక పేజీ పెట్టాను. పేజీ వస్తోంది గానీ, తెలుగుకు బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఎ, మళ్లీ అదే డిగ్రీ గుర్తు, ఇలా తెర నిండా వస్తున్నాయి. – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు ఆ గుర్తులను అంత శ్రద్ధగా వర్ణించారు కాబట్టి జబ్బు వెంటనే తెలిసిపోయింది. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ప్రతిదీ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా నిలవ ఉంటుంది. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండవది రెండు విలువల్లో ఏదో ఒకటి. ఫైలు యూటీఎఫ్-8 అని తెలియని బ్రౌజర్ దాన్ని పడమటి ఐరోపా లిపి అనుకుని చదివితే, మొదటి బైటు గీతున్న ఎ గానూ, రెండవది డిగ్రీ గుర్తు గానో ప్లస్ మైనస్ గుర్తు గానో కనబడతాయి. అందుకే మీకు ఆ జంట పదే పదే వస్తోంది. మీ అక్షరాలు చెడిపోలేదు, వాటిని ఎలా చదవాలో చెప్పే మాట ఒకటి లోపించింది.

మీ మామూలు పేజీలకు ఆ మాటను జాంగో చెబుతుంది. 502 అంటే వెనుక ఉన్న ప్రోగ్రాం నుంచి సరైన జవాబు రాలేదని, కాబట్టి ఆ పేజీ జాంగో ద్వారా రాదు కదా; ఇంజిన్‌ఎక్స్ డిస్కు మీది ఫైలును నేరుగా పంపిస్తుంది, మీరు చెప్పకపోతే లిపి పేరు జోడించదు. కాబట్టి ఇంజిన్‌ఎక్స్ అమరికలో చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఒక వరుస రాయండి, పేజీ తలభాగంలో మెటా చార్‌సెట్ ట్యాగు కూడా పెట్టండి. ఆ ట్యాగు ఫైలులోని మొదటి 1024 బైట్ల లోపలే రావాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం చెబుతోంది. క్షమించండి అన్న ఒక్క మాటే 30 బైట్లు తింటుంది కనుక, దాని కన్నా ముందు తెలుగులో పొడవైన వ్యాఖ్యలు రాసుకుంటే హద్దు దాటిపోయే ప్రమాదం ఉంది. హెడ్ తెరవగానే మొదటి వరుస అదే కావాలి.

ఇక అమరిక విషయం. ఎర్రర్‌పేజ్ ఆదేశంలో 502, 503, 504 సంఖ్యలు రాసి మీ ఫైలు దారి ఇవ్వండి. ఆ ఫైలుకు ప్రత్యేకంగా ఒక లొకేషన్ భాగం రాసి, అందులో ఫోల్డర్ ఎక్కడుందో చెప్పి, ఇంటర్నల్ అనే మాట చేర్చండి, అప్పుడు ఎవరూ ఆ ఫైలును నేరుగా అడిగి తెచ్చుకోలేరు. ఫోల్డర్ మాత్రం మీ కోడ్ ఉన్న చోటికి బయట ఉండాలి. కొత్త కోడ్ ఎక్కించే క్షణంలో పాత ఫోల్డర్‌ను చెరిపివేసే పద్ధతి మీదైతే, సరిగ్గా అవసరమైనప్పుడే ఆ ఫైలు కనబడకుండా పోతుంది. సంఖ్యలకు, ఫైలు దారికి మధ్య సమాన గుర్తు, 200 రాయమని కొన్ని చోట్ల సలహా కనబడుతుంది. వద్దు. అలా చేస్తే సైటు పడి ఉన్నప్పుడు కూడా అంతా బాగుందని యంత్రాలకు చెప్పినట్టవుతుంది.

మరమ్మతుల కోసం మీరే గంటసేపు ఆపదలిస్తే 502 కన్నా 503 సరైనది. దానితో పాటు రిట్రై-ఆఫ్టర్ అనే హెడరులో 3600 అని సెకన్లలో చెబితే, సెర్చ్ ఇంజిన్లు తరువాత వస్తాయి. ఇక్కడ ఇంజిన్‌ఎక్స్ ఒక మెలిక పెడుతుంది: యాడ్‌హెడర్ ఆదేశం మామూలుగా 200, 301 వంటి కొన్ని సంఖ్యలకే పనిచేస్తుంది, 503తో కూడా హెడరు వెళ్లాలంటే చివర ఆల్వేస్ అని చేర్చాలి. అయితే 503 రోజుల తరబడి కొనసాగితే సెర్చ్ ఇంజిన్లు పేజీలను తమ జాబితా నుంచి తీసేయడం మొదలుపెడతాయి, కనుక దీన్ని సెలవు బోర్డులా వాడుకోవద్దు.

పెట్టిన తరువాత కళ్లతో చూసి ఊరుకోకండి. కర్ల్ ఆదేశానికి పెద్ద ఐ అక్షరం జోడించి మీ చిరునామా ఇస్తే మొదటి వరుసలో సంఖ్య కనబడుతుంది. జనం తక్కువగా ఉండే వేళ గ్యూనికార్న్‌ను కావాలని ఆపి 502 చూడండి. కావాలని విరిగే ఒక చిన్న వ్యూ (పేజీని తయారుచేసే ఫంక్షన్) రాసి 500 చూసి, ఆ వెంటనే దాన్ని తీసేయండి.

ప్రశ్న: మా జాంగో సైటులో పుస్తకాల పేర్లు ఇంగ్లిషులో ఉంటే పేజీలు బాగానే తెరుచుకుంటున్నాయి. పేరు తెలుగులో ఉన్న ప్రతి పుస్తకం 404కు పోతోంది. – ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: చిరునామా నమూనాలో మీరు స్లగ్ అనే మార్పిడి (కన్వర్టర్) వాడి ఉంటారు. అది ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, చిన్న గీత, అడుగు గీత తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. తెలుగు కనబడగానే ఈ నమూనా నాది కాదని పక్కకు తప్పుకుంటుంది. దాని చోట ఎస్‌టీఆర్ వాడితే తెలుగు చిరునామాలు సరిపోలతాయి. కానీ అక్కడితో అయిపోదు. పేరును చిరునామా ముక్కగా మార్చే స్లగిఫై ఫంక్షన్‌లో అలౌ యూనికోడ్ అని ఇచ్చినా, పైథాన్ మన గుణింతాలను, పొల్లును, సున్నాను అక్షరాలుగా లెక్కించదు కాబట్టి వాటిని ఏరి పారేస్తుంది. పుస్తకం అన్న మాట పసతక అయి కూర్చుంటుంది. చదివేవారికి అర్థం కాదు, వేర్వేరు గుణింతాలతో ఉన్న రెండు పేర్లు ఒకటే అయిపోయే ప్రమాదమూ ఉంది. పైగా తెలుగు చిరునామాను కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి ఇంగ్లిషు గుర్తులుగా మారతాయి. పుస్తకం అన్న ఒక్క పదమే 63 గుర్తులవుతుంది. అంత పొడవు లింకును ఎవరైనా పంపితే చివర తెగిపోయి మళ్లీ 404 పేజీకే చేరుతుంది.

నా సలహా ఏమిటంటే, చిరునామాలో పుస్తకం వరుస సంఖ్యను ముందు పెట్టండి, పేరును దాని వెనుక అలంకారంగా ఉంచండి. పేజీని సంఖ్యను బట్టి వెతికితే, పేరు భాగం తెగినా పుస్తకం దొరుకుతుంది. 404 పేజీని ఎంత బాగా రాసినా, దాని దాకా రానవసరం లేకుండా చేయడమే మేలు.

ప్రశ్న: మా మొబైల్ యాప్ సర్వర్ నుంచి జేసన్ రూపంలో సమాచారం తీసుకుంటుంది. అందమైన ఎర్రర్ పేజీలు పెట్టినప్పటి నుంచి, దోషం వచ్చినప్పుడల్లా యాప్ మూసుకుపోతోంది. – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: యాప్ జేసన్ ఆశిస్తే మీరు హెచ్‌టీఎంఎల్ పంపుతున్నారు. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ ఇంటర్‌సెప్ట్ ఎర్రర్స్ అనే ఆదేశాన్ని సైటు మొత్తానికి ఆన్ చేసి ఉంటారని అనుకుంటున్నాను. మొదట్లో అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే, వెనుక ఉన్న అప్లికేషన్ ఎంత చక్కటి జేసన్‌తో దోషాన్ని వివరించినా, ఎర్రర్‌పేజ్‌లో రాసిన సంఖ్య అయితే దాన్ని తీసేసి మీ పేజీని పంపుతుంది. ఆ ఆదేశాన్ని జనం చూసే పేజీల లొకేషన్‌కే పరిమితం చేయండి, ఏపీఐ (యాప్‌కు సమాచారం ఇచ్చే చిరునామాలు) ఉన్న లొకేషన్‌లో ఆఫ్ చేయండి.

జాంగోతో ఏపీఐలు రాయడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ అనే లైబ్రరీ ఉన్నా ఇంకొక సందు మిగిలిపోతుంది. తన వ్యూ లోపల తాను గుర్తుపట్టే దోషాలకు అది జేసన్ ఇస్తుంది; అసలు ఏ నమూనాకూ సరిపోలని చిరునామాకు, ఊహించని 500కు జాంగో హెచ్‌టీఎంఎల్ పేజీయే వెళుతుంది. అందుకని హ్యాండ్లర్404, హ్యాండ్లర్500 అనే రెండు ఫంక్షన్లు మీరే రాసి, అడిగిన దారి ఏపీఐతో మొదలైతే జేసన్, కాకపోతే పేజీ ఇచ్చేలా చేయండి. ఆ జేసన్ ఎలా ఉండాలన్న దానికి 2023 జూలైలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9457 అనే ప్రమాణం ఉంది: టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టెన్స్ అనే అయిదు అంశాలు. సొంతంగా కొత్త పద్ధతి కనిపెట్టేకన్నా దీన్ని పాటిస్తే రేపు మీ యాప్ మీద పనిచేయబోయేవారికి సులువు. వీటన్నిటితో పాటు, ఏది వచ్చినా మూసుకుపోకుండా యాప్‌ను కూడా సరిచేయవలసి ఉంది. దారిలో ఉన్న ఇంకే సర్వరైనా ఎప్పుడైనా హెచ్‌టీఎంఎల్ పంపవచ్చు.

ప్రశ్న: సాంకేతికంగా అంతా కుదిరింది. ఇంతకీ ఆ పేజీల మీద తెలుగులో ఏం రాయాలి? యంత్రం చేత అనువాదం చేయిస్తే ఆంతరిక సేవకి లోపం అని వచ్చింది. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ అనువాదాన్ని వాడకుండా అడిగినందుకు ధన్యవాదాలు. ఎర్రర్ పేజీ చదివే మనిషి ఆ క్షణంలో కంగారులో ఉంటాడు. కొన్నేళ్ల కిందట మా మేనకోడలి పరీక్ష రుసుము కడుతుంటే, డబ్బు బ్యాంకు ఖాతా నుంచి పోయిన మరుక్షణం తెర తెల్లబడి ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ అని వచ్చింది. గడువు ఆ రాత్రే. కట్టినట్టా, కట్టనట్టా? చెప్పే దిక్కు లేక మళ్లీ కట్టాం. రెండుసార్లు కట్టిన సొమ్ములో ఒకటి తిరిగి రావడానికి నెలలు పట్టింది. ఆ తెల్లటి తెర మీద మళ్లీ కట్టవద్దు అన్న రెండు మాటలు ఉండి ఉంటే ఆ తిప్పలన్నీ తప్పేవి. అప్పటి నుంచి ఎవరికి సైటు చేసి ఇచ్చినా 500 పేజీ మాటలు నేను ముందు రాస్తాను, మిగతా సైటు తరువాత.

పుస్తకాల దుకాణం సైటునే ఉదాహరణగా తీసుకుంటే, 404 పేజీ మీద ఇలా రాయవచ్చు: “మీరు అడిగిన పేజీ ఇక్కడ లేదు. లింకు పాతది కావచ్చు, లేదా చిరునామాలో ఒక అక్షరం పోయి ఉండవచ్చు. పుస్తకం పేరు గానీ రచయిత పేరు గానీ కింద రాసి వెతకండి.” దాని కింద వెతికే పెట్టె, హోం పేజీ లింకు చాలు. మీరు తప్పు చిరునామా ఇచ్చారు అని రాయకండి; చాలాసార్లు తప్పు లింకు ఇచ్చినది మనమే అయి ఉంటుంది. అడిగిన చిరునామాను పేజీ మీద తిరిగి చూపాలనుకుంటే, ప్రత్యేక గుర్తులను హానిలేని రూపంలోకి మార్చే జాంగో టెంప్లేట్ల ఏర్పాటును (ఎస్కేపింగ్) తీసేయకండి. తీసేస్తే చిరునామాలో స్క్రిప్టు దాచి పంపినవారికి మీ పేజీ పనిముట్టు అవుతుంది.

500 పేజీ మీద: “మా సైటులో లోపం వచ్చింది, మీరు చేసిన తప్పేమీ లేదు. ఇప్పుడే డబ్బు కట్టి ఉంటే దయచేసి మళ్లీ కట్టవద్దు. కాసేపాగి నా ఆర్డర్లు పేజీలో చూడండి. అరగంట తరువాత కూడా మీ ఆర్డరు అక్కడ కనబడకపోతే, ఈ సమయం చెప్పి మాకు ఫోన్ చేయండి.” మీ డబ్బు భద్రంగా ఉంది అని మాత్రం రాయకండి. ఆ క్షణంలో ఆ సంగతి మీ సైటుకు తెలియదు, తెలియనిది చెప్పకూడదు. జరిగిన లోపాన్ని లాగ్‌లో పట్టుకోవడానికి ఒక గుర్తు సంఖ్య కూడా చూపగలిగితే మరీ మంచిది. అయితే జాంగో 500 టెంప్లేటుకు ఏమీ ఇవ్వదని పైన చెప్పాం కనుక, దానికోసం హ్యాండ్లర్500 మీరే రాయాలి. సాంకేతిక వివరం పాఠకుడికి కాదు, మీకు కావాలి. సెట్టింగ్స్‌లో అడ్మిన్స్ కింద మీ ఈమెయిలు రాసి, మెయిలు పంపే ఏర్పాటు కూడా సరిచూసుకుంటే, డీబగ్ ఫాల్స్‌గా ఉన్నప్పుడు వచ్చే ప్రతి 500 వివరాలూ జాంగో మీకు పంపిస్తుంది.

రూపం విషయంలో రెండు జాగ్రత్తలు. ఈ పేజీల కోసం ఇంటర్నెట్ నుంచి ఫాంటు తెప్పించకండి. విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు ఎలాగూ ఉంటాయి. వరుసల మధ్య ఎడం కనీసం 1.6 ఉంచండి, లేకపోతే ఒత్తులు కింది వరుస తలకట్లకు తగులుతాయి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష తెలుగు అని టీఈ అక్షరాలతో రాస్తే, చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగుగానే చదువుతుంది.

ఆ పేజీ మీద ఇచ్చే ఫోన్ నంబరు డేటాబేస్ నుంచి రాదు, ఫైలులో మీరు చేత్తో రాసినదే ఉంటుంది. దుకాణం నంబరు మారిన రోజున 500 పేజీలోనూ, ఇంజిన్‌ఎక్స్ పంపే 502 పేజీలోనూ విడివిడిగా మార్చి, రెండింటినీ ఒకసారి తెరిచి, ఆ నంబరుకు మీరే ఫోన్ చేసి చూడండి.